సిస్టమ్స్ థింకింగ్ ట్రైనింగ్‌కి పంపారు, బుర్ర వేడెక్కింది. తెలుగులో ఎవరైనా చెప్పండి

సగం_ఇంజినీర్
మా ఆఫీసులో రెండు రోజులు సిస్టమ్స్ థింకింగ్ అని ట్రైనింగ్ పెట్టారు. మొదటి రోజు స్టాక్, ఫ్లో, ఫీడ్‌బ్యాక్ లూప్, డిలే. రెండో రోజు లెవరేజ్ పాయింట్. బోర్డు నిండా బాణాలే, జంతికలు పోసినట్టు. అందరూ తలూపారు, నేనూ ఊపాను. లంచ్ మాత్రం బాగుంది. ఇప్పుడు మేనేజరు వచ్చే నెల టీముకి నన్నే చెప్పమంటున్నాడు.

నా అనుమానం ఒకటే. "అన్నీ ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి" అనే ముక్కని రెండు రోజులు సాగదీశారా, లేక నిజంగా ఇందులో సరుకుందా? ఉంటే మన వస్తువులతో, మన మాటల్లో చెప్పండి. బాత్‌టబ్ ఉదాహరణ మాత్రం వద్దు. జన్మలో ఒక్కసారి బాత్‌టబ్‌లో స్నానం చేశా, అదీ హోటల్లో. జారిపడ్డా.

ఊరికే_చదువుతా
లంచ్‌లో ఏం పెట్టారు?

సగం_ఇంజినీర్
గుత్తివంకాయ. టాపిక్ మార్చకండి.

మత్తడి_దుంకింది
బాత్‌టబ్ ఎందుకన్నా, చెరువు లేదా? మాది వరంగల్ దిక్కు. చెరువులో నిలిచిన నీళ్లు స్టాక్. వాగు తెచ్చేది లోపలికొచ్చే ఫ్లో. తూము తీస్తే పోయేది, ఎండకి ఆవిరయ్యేది, భూమిలోకి ఇంకేది, నిండాక మత్తడి మీంచి దుంకేది, ఇవన్నీ బయటికి పోయే ఫ్లోలు. అంతే.

కానీ ఒక్క సంగతి పట్టుకో. వాన ఆగిన రోజే చెరువు తగ్గడం మొదలుకాదు. వాగు సన్నబడుతూ కూడా రెండు మూడు రోజులు వస్తూనే ఉంటుంది. వచ్చేది తగ్గుతున్నా సరే, పోయేదానికంటే ఎక్కువున్నంత సేపు మట్టం పెరుగుతూనే ఉంటుంది. సగం మంది బోల్తా పడేది ఇక్కడే. "ఈ ఏడు అప్పు తక్కువ చేశాం" అని ఎవరైనా అంటే అప్పు తగ్గిందని చప్పట్లు కొడతాం. తగ్గింది వాగు, చెరువు కాదు.

గోదారి_గట్టు
మత్తడిని మా వైపు అలుగు అంటారు. ఇదంతా మా తాతకి తెలుసండీ. ఆయన ఏ ట్రైనింగుకీ వెళ్లలేదు. ఇంగ్లీషులో చెబితే ఫీజు కడతాం, తెలుగులో చెబితే సామెత అని వదిలేస్తాం.

మత్తడి_దుంకింది
గోదారి అన్నా, ఒప్పుకుంటా. మా ఊళ్లో నీరటి ఉండేవాడు. తూము ఎంత తీయాలి, ఏ మడికి ఎన్ని రోజులకోసారి నీళ్లు, అంతా ఆయన చేతిలో. మట్టం చూసి యాసంగిలో ఎంత భూమికి సరిపోతుందో చెప్పేవాడు. పైచెరువు మత్తడి దుంకితే కింది చెరువుకి ఎన్ని రోజుల్లో నీళ్లొస్తాయో కూడా తెలుసు, గొలుసుకట్టు కదా. తర్వాత మోటార్లొచ్చాయి. ఎవరి తూము వాళ్లకే ఉంది ఇప్పుడు. మరి మీ తాతకి తెలిసింది మీకెందుకు తెలీకుండా పోయింది? అది కూడా చెప్పాలి కదా.

గోదారి_గట్టు
నేను బీటెక్ చదివాను, అందుకు.

చింతచిగురు
చెరువు అర్థమైంది. ఫీడ్‌బ్యాక్ దగ్గర ఆగిపోయా. మా స్కూల్లో పేరెంట్స్ మీటింగ్‌లో "పాజిటివ్ ఫీడ్‌బ్యాక్" అంటే మెచ్చుకోలు. ఇక్కడ పాజిటివ్ అంటే ప్రమాదం అన్నట్టు రాస్తున్నారు. ఏది నిజం?

లెక్కల_మాస్టారు
ఆ పేర్లే కొంప ముంచాయమ్మా. మంచీ చెడూతో వాటికి పనిలేదు. పాజిటివ్ లూప్ అంటే పెరిగింది ఇంకా పెరగడానికి తానే కారణం కావడం. మనకి దీనికి ఎప్పటినుంచో మాట ఉంది, చక్రవడ్డీ. చక్రం అనడంలోనే లూపు ఉంది చూడండి.

రెండు రూపాయల వడ్డీకి తెచ్చారనుకోండి. ఏడాదికి 24 శాతం. బాకీ రెట్టింపవడానికి సుమారు ఎన్నేళ్లో తెలియాలంటే 72ని ఆ శాతంతో భాగించాలి. 72ని 24తో భాగిస్తే 3. కట్టకుండా ఏడాదికోసారి అసలులో కలుపుకుంటూ పోతే మూడేళ్లు దాటిన కాసేపటికి బాకీ రెట్టింపు, ఆరేళ్లు దాటాక నాలుగింతలు. అప్పిచ్చినవాడికి అదే లూపు మహా మంచిది. తీసుకున్నవాడికి కాదు.

నెగటివ్ లూప్ మీ ఇంటి మేడ మీదే ఉంది, ఓవర్‌హెడ్ ట్యాంకులో బాల్‌కాక్. నీళ్లు పెరిగే కొద్దీ బంతి లేస్తుంది, లేచిన కొద్దీ పైపు మూసుకుంటుంది. నీటి పెరుగుదలే నీటిని ఆపుతుంది. పిల్లలకి చెప్పేటప్పుడు నేను పాజిటివ్, నెగటివ్ అనను. ఎగదోసే లూప్, సర్దే లూప్ అంటాను.

చింతచిగురు
ఎగదోసేది, సర్దేది. ఇది బాగుంది. అయితే పెరుగు తోడు కూడా ఎగదోసే లూపే కదా మాస్టారూ? చెంచాడు తోడుతో గిన్నెడు పాలు.

లెక్కల_మాస్టారు
భలే. అందులో రెండూ ఉన్నాయి. తోడులో ఉన్న సూక్ష్మజీవులు ఒకటి రెండై, రెండు నాలుగై పెరుగుతాయి. కానీ అవి తయారుచేసే పులుపే చివరికి వాటి జోరు తగ్గిస్తుంది. మొదట ఎగదోసే లూపుది పైచేయి, తర్వాత సర్దే లూపుది. ఏ పెరుగుదలైనా కలకాలం ఒకే జోరులో సాగదు అనడానికి ఇంతకంటే రుచైన ఉదాహరణ నాకు దొరకలేదు.

ఊరికే_చదువుతా
మా ఆవిడ తోడు వేయడం మర్చిపోతే అది ఏ లూపు?

చింతచిగురు
మీరు వేయొచ్చుగా. అది కూడా సిస్టమే.

మెడికల్_ఏజెన్సీ
డిలే, అంటే చేసిన పనికి ఫలితం ఆలస్యంగా రావడం గురించి నేను చెప్తా, డబ్బు కట్టి నేర్చుకున్నా కాబట్టి. 2021 ఏప్రిల్, మే నెలలు, కరోనా రెండో వేవ్. జనం ఆక్సీమీటర్లకి ఎగబడ్డారు. రోజుకి 20 మంది అడిగితే నా దగ్గర 5 ఉండేవి. స్టాకిస్టుకి 100 ఆర్డరిస్తే 30 పంపేవాడు. ఎలాగూ మూడో వంతే పంపుతున్నాడు కదా అని ఈసారి 300 పెట్టా. నా తెలివికి నేనే మురిసిపోయా. ఊళ్లో ప్రతి షాపువాడూ అదే తెలివి చూపించాడని తర్వాత తెలిసింది.

కేసులు తగ్గాక, జూన్ చివర్లో, పాత ఆర్డర్లన్నీ ఒకేసారి ఆటోలో దిగాయి. అప్పటికి అడిగేవాడు లేడు. ఇప్పటికీ అటక మీద రెండు అట్టపెట్టెలున్నాయి. మావాడు వాటితో పాటొచ్చిన బ్యాటరీలు టీవీ రిమోట్‌లో వేసుకుంటున్నాడు.

సగం_ఇంజినీర్
అయ్యబాబోయ్, ట్రైనింగ్‌లో మాతో ఆడించిన ఆట ఇదే! చిల్లర కొట్టు, హోల్‌సేలర్, డిస్ట్రిబ్యూటర్, ఫ్యాక్టరీ అని నలుగురు. ఒకరితో ఒకరు మాట్లాడకూడదు, ఆర్డర్ చీటీలు మాత్రమే. నేను ఫ్యాక్టరీ. ఆర్డర్లు 4, 4, 6, 15, 40 అని వచ్చి తర్వాత వరసగా సున్నాలు. బయట గిరాకీ ఊగిపోతోందని, డిస్ట్రిబ్యూటర్‌కి బుర్ర లేదని అనుకున్నా. చివర్లో చీటీలు తిప్పి చూపిస్తే కస్టమర్ వారానికి 4 కొనేవాడు, ఒక్కసారి 8కి పెరిగి అక్కడే ఉన్నాడు. ఊగిందంతా మేమే.

డల్లాస్_బావ
ఆ ఆట అమెరికాలో ఎంఐటీ అనే యూనివర్సిటీలో పుట్టింది. పేరు బీర్ గేమ్, బీరు మాత్రం ఇవ్వరు. అదొక మోసం.

దాని వెనక జే ఫారెస్టర్ అని ఎలక్ట్రికల్ ఇంజినీర్ ఉన్నాడు. 1956లో అక్కడి మేనేజ్‌మెంట్ స్కూల్లో చేరాడు. కెంటకీలో జనరల్ ఎలక్ట్రిక్ వాళ్ల ఇంటి సామాన్ల ఫ్యాక్టరీల్లో ఒక ఏడాది ఓవర్‌టైమ్, ఇంకో రెండేళ్లకి సగం మందికి ఉద్వాసన. ఇది మళ్లీ మళ్లీ జరుగుతోంది, మార్కెట్ పరిస్థితి అని సర్దిచెప్పుకుంటున్నారు. ఈయన సరుకు ఎంత ఉంటే ఎంతమందిని తీసుకుంటారు, ఆర్డర్లు ఎలా పెడతారు అని వాళ్లనే అడిగి, కాగితం మీద వారం వారం చేత్తో లెక్కేశాడు. బయట గిరాకీ నిలకడగా ఉందనుకున్నా సరే, వాళ్ల నియమాల వల్లే ఉద్యోగాల సంఖ్య ఊగుతుందని తేలింది. సబ్జెక్టంతా అక్కణ్నుంచి మొదలైంది.

బోరు_బాధితుడు
బావా, దానికి కెంటకీ దాకా ఎందుకు? మదనపల్లె టమాటా చూడు. 2023 జూలైలో కిలో వంద రూపాయలు దాటి ఎక్కడికో పోయింది. టీవీలో ఒక్కో రైతు లక్షాధికారి, కోటీశ్వరుడు. అది చూసి మావాళ్లందరూ నారు తెచ్చి నాటారు. టమాటా కాపుకొచ్చేసరికి రెండు నెలలు పైన పడుతుంది. సెప్టెంబరులో అందరి పంట ఒకేసారి మార్కెట్‌కొచ్చింది. కోత కూలి కూడా రాక రోడ్డు పక్కన పారబోశారు. అది చూసి తర్వాత నాటేవాడు తగ్గుతాడు, మళ్లీ రేటు. ఈ చక్రం మా నాయన చిన్నప్పటినుంచి చూస్తున్నాడు. చూస్తూనే నాటుతాడు.

సగం_ఇంజినీర్
మరి చూస్తూనే ఎందుకు నాటుతారు? తెలుసు కదా?

బోరు_బాధితుడు
అందరూ తగ్గిస్తారు, నాకు రేటొస్తుంది అనుకుని. అందరూ అదే అనుకుంటారు.

ఊరికే_చదువుతా
మెడికల్ ఏజెన్సీ గారి 300 ఆర్డర్ గుర్తొచ్చింది.

సగం_ఇంజినీర్
సరే, మాటలు అర్థమవుతున్నాయి, థాంక్స్. కానీ వీటితో నేనేం చేయాలి? అన్నీ జరిగిపోయాక చెప్పే కథలే. నా సమస్య చెప్తా. మా అపార్ట్‌మెంట్‌లో బోరు ఎండిపోయింది, రోజుకి మూడు ట్యాంకర్లు. ఐదో అంతస్తులో బ్యాచిలర్స్ ఉన్నారు, వాళ్లు నీళ్లు వదిలేస్తారు. అది తెలుసుకోడానికి లూపులెందుకు? వాళ్లని ఖాళీ చేయిస్తే చాలు.

బోరు_బాధితుడు
బోరు మాట ఎత్తావు కాబట్టి విను. మాది అనంతపురం జిల్లా. 1998లో మా మొదటి బోరు 180 అడుగులు, రెండున్నర ఇంచుల నీళ్లు. పక్క చేనాయన 300 వేశాడు, మాది సన్నబడింది. మేం 420. ఆయన 600. ఇంకో ఇద్దరు మధ్యలో దూరారు. మొత్తం ఏడు బోర్లు వేశాం, ఇప్పుడు నీళ్లున్నది ఒక్కదాంట్లో, అదీ గంట పోసి ఆగుతుంది. కొబ్బరికాయ తిప్పేవాడికి, రిగ్గువాడికి మాత్రం ఏ ఏడూ నష్టం లేదు.

ఇందులో చెడ్డవాడెవడో నువ్వే చెప్పు. పక్కాయన మా నాయనకి ప్రాణ స్నేహితుడు. మా అక్క పెళ్లికి డబ్బు సర్దింది కూడా ఆయనే.

నిలదీస్తా
చెడ్డవాడు లేకపోవడమేంటి? 2004లో ఉచిత కరెంటు ఇచ్చినవాళ్లు? ఊరికే వస్తే తోడక ఏం చేస్తారు? వాళ్ల మాటెత్తరేం?

గోదారి_గట్టు
నిలదీస్తా గారూ, ఆయన మొదటి బోరు 1998 అన్నాడు. ఉచిత కరెంటు రాకముందే పందెం మొదలైంది.

నిలదీస్తా
మొదలైంది వేరు, పెట్రోలు పోసింది వేరు.

మత్తడి_దుంకింది
ఇద్దరూ ఆగండి. రైతుకి కరెంటు వద్దంటే నేనూ ఊరుకోను. చెరువుల కింద మడులున్నవాడికి ప్రభుత్వమే నీళ్లిచ్చింది, మెట్ట రైతు సొంత డబ్బుతో బోరు వేసుకున్నాడు, కరెంటైనా ఇవ్వకపోతే ఎట్లా? కానీ ఆటో స్టార్టర్ సంగతి చూడండి, మాట్లాడుకునేది దాని గురించే.

కరెంటు ఏ రాత్రి ఎప్పుడొస్తుందో తెలీదు. చీకట్లో లేచి పొలానికి పోతే పాము భయం, షాకు భయం. అందుకని రైతు ఆటో స్టార్టర్ పెట్టాడు, కరెంటు రాగానే మోటారు తనంతట తాను ఆడుతుంది. రాత్రి రెండింటికి లైన్ వచ్చిందంటే ఊళ్లో మోటార్లన్నీ ఒక్కసారి లేస్తాయి. వోల్టేజీ పడిపోతుంది. మోటారు కాలుతుంది, ట్రాన్స్‌ఫార్మర్ కాలుతుంది. అది బాగయ్యేదాకా కరెంటు లేదు. వచ్చాక నమ్మకం ఇంకా తక్కువ, కాబట్టి స్టార్టర్ తీయడు. నీళ్లు మడి దాటి దారిలో పారినా ఆపేవాడు ఉండడు, రైతు ఇంట్లో పడుకున్నాడు. తెలంగాణలో 2018 జనవరి నుంచి 24 గంటలు ఇస్తాం, స్టార్టర్లు తీసేయండి అని ప్రభుత్వం బతిమాలింది. ఆ నమ్మకం కుదిరినచోట తీశారు, కుదరనిచోట తీయలేదు. కరెంటు ధర మాట ఇందులో ఎక్కడా లేదు చూడండి.

నిలదీస్తా
24 గంటలిస్తే 24 గంటలూ తోడతారు. అది రాయలేదు.

మత్తడి_దుంకింది
అదీ నిజమే. ఒక లూపు ఆపితే ఇంకోటి లేచింది. కాదనను.

లెక్కల_మాస్టారు
కాస్త అంకెలు వేద్దాం, వాదన చల్లబడుతుంది. ఎకరం మీద ఒక మిల్లీమీటరు వాన పడితే సుమారు 4,000 లీటర్లు. అనంతపురంలో ఏడాదికి 550 మిల్లీమీటర్లు అనుకోండి. 22 లక్షల లీటర్లు. రాతి నేలలో అందులో పదో వంతు కిందికి దిగిందనుకుందాం. 2.2 లక్షల లీటర్లు. ఇది మన ఎకరానికి ఏడాది జీతం.

ఎండాకాలపు వరికి 1,200 మిల్లీమీటర్ల నీళ్లు పెడతారు. ఎకరానికి 48 లక్షల లీటర్లు. అంటే ఒక ఎకరం వరి 22 ఎకరాల జీతం తినేస్తుంది.

బోరు_బాధితుడు
మాస్టారూ, తప్పు. వరి మడిలో పెట్టిన నీళ్లన్నీ గాల్లోకి పోవు. కొన్ని తిరిగి కిందికే దిగుతాయి. వరి మడి పక్క బావిలో ఊట ఉంటుందని మా ఊళ్లో చిన్నపిల్లాడికీ తెలుసు.

లెక్కల_మాస్టారు
నిజమే, తప్పు నాదే. తిరిగొచ్చే బాణం గీయలేదు. మూడో వంతు తిరిగి దిగిందనుకుంటే నికరంగా 32 లక్షలు. 22 ఎకరాలు కాదు, 14 చిల్లర. మార్కులు తగ్గించుకోండి.

అయినా ఇంకో మెలిక ఉంది. గ్రానైటు నేలలో నీళ్లు నిలిచేది మెత్తబడ్డ పొరలో, పగుళ్లలో. వంద భాగాల్లో రెండు భాగాలే తోడుకోడానికి దొరికే నీరు అనుకోండి. ఏడాదికి 55 మిల్లీమీటర్లు దిగితే మట్టం 2.75 మీటర్లు, తొమ్మిది అడుగులు లేస్తుంది. ఒక్క మంచి వానాకాలానికే బావి పైకొచ్చినట్టు కనిపిస్తుంది. "గంగమ్మ తల్లి కరుణించింది" అని వరి వేస్తారు. లేచినంత జోరుగానే దిగుతుంది. చెరువు ఎంత లోతో కాదు, ఎంత వెడల్పో చూడాలి అన్నట్టు.

చింతచిగురు
అంటే మట్టం చూసి స్టాక్ ఎంతో చెప్పలేం. గ్లాసు సన్నగా ఉంటే కొంచెం పోసినా నిండినట్టుంటుంది.

లెక్కల_మాస్టారు
నా పేరాగ్రాఫంతా మీరు ఒక్క గ్లాసులో పోశారు.

నిలదీస్తా
నాకు ఇప్పటికీ కొరుకుడు పడట్లేదు. "ఎవరిదీ తప్పు కాదు, అంతా నిర్మాణం" అంటే రేపు వంతెన కూలినా సిస్టమ్ అంటారు, పరీక్ష పేపరు లీకైనా సిస్టమ్ అంటారు. తప్పించుకోడానికి మంచి గొడుగు ఇది.

చింతచిగురు
సగం ఒప్పుకుంటా. మా స్కూల్లో కూడా "సిస్టమ్ అలా ఉంది మేడం" అని క్లర్కు నన్ను ఆరుసార్లు తిప్పాడు. కానీ ఇంకో క్లాసు విషయం చెప్తా. ఏటా తొమ్మిదో తరగతిలో పిల్లలు లెక్కల్లో కుదేలవుతారు. మూడేళ్లలో ముగ్గురు టీచర్లని మార్చారు. నాలుగో ఏడూ అంతే. మనిషిని మార్చినా అదే జరుగుతుంటే, ఆ కుర్చీ చుట్టూ ఏముందో చూడాలి కదా. చూస్తే, ఎనిమిది దాకా అందరినీ పైకి తోసేస్తున్నాం, తొమ్మిదిలో లోటంతా ఒకేసారి బయటపడుతోంది. స్టాక్, చెరువు, అదే.

నిలదీస్తా
ఆ తోసేయమన్న నియమం ఎవరో ఒకరు పెట్టారు కదా. వాళ్ల పేరు నేనడుగుతా.

చింతచిగురు
అడగండి. టీచరు పేరు మాత్రం అడక్కండి అంటున్నా.

డల్లాస్_బావ
నిలదీస్తా గారి మాటలో పస ఉంది. డొనెల్లా మెడోస్ అని ఈ రంగంలో పెద్దావిడ, సిస్టమ్‌లో ఎక్కడ చేయి పెడితే ఎంత పని జరుగుతుందో 12 చోట్లు వరసగా రాసింది. మీ ట్రైనింగ్‌లో లెవరేజ్ పాయింట్ అన్నది వీటినే. అట్టడుగున పెట్టింది అంకెల్ని, సబ్సిడీ ఎంత, పన్ను ఎంత లాంటివి. మనం కొట్టుకునేదంతా వాటి మీదే. సమాచారం ఎవరికి అందుతుంది అన్నది దానికంటే చాలా పైన. నియమాలు ఎవరు పెడతారు అన్నది ఇంకా పైన. ఆ సిస్టమ్ అసలు దేనికోసం నడుస్తోంది అన్నది దాదాపు శిఖరం మీద. కాబట్టి నియమం పెట్టినవాణ్ని అడగడం తప్పు కాదు, సరైన మెట్టు మీదే నిలబడ్డారు.

సగం_ఇంజినీర్
సమాచారం ఒక్కటే ఇస్తే ఏమవుతుంది? సిగరెట్ పెట్టె మీద బొమ్మ వేసినట్టే కదా.

బోరు_బాధితుడు
అవుతుంది, చూశా. 2000ల మధ్యలో ఉమ్మడి ఆంధ్రలో ఏడు కరువు జిల్లాల్లో ఒక ప్రాజెక్టు నడిచింది, ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ తోడ్పాటుతో. మా చిన్నాన్న వాళ్ల ఊరు అందులో ఉంది. చేసిందేంటంటే, రైతులే వాన కొలవడం, పదిహేను రోజులకోసారి బోర్లలో మట్టం కొలవడం. తాడుకి కట్టిన మీటరు లోపలికి దింపుతారు, నీళ్లు తగలగానే కీచుమంటుంది. మా పిన్ని కూడా దింపేది, చదువుకున్నది ఐదో తరగతి. బోరు ఎంత పోస్తుందో డ్రమ్ము, స్టాప్‌వాచీతో లెక్క. రబీ ముందు అందరూ కూర్చుని ఈ ఏడు భూమిలో ఇంతుంది, మనం వేద్దామనుకున్న పంటలకి ఇంత కావాలి అని ఊరి గోడ మీద రంగుతో రాసేవాళ్లు.

ఫలానా పంట వేయకూడదని ఒక్క రూలు లేదు. సబ్సిడీ లేదు. ఫైను లేదు. గోడ మీద లోటు కనిపించేసరికి చాలామంది వరి తగ్గించి ఆరుతడి పంటలకి మళ్లారు. మా చిన్నాన్న రెండెకరాల వరి మానేసి వేరుశనగ, కొర్ర వేశాడు. ఎందుకని అడిగితే "నా బోరు పోతుందని కాదురా, గోడ మీద చూశాక రచ్చబండ దగ్గర కూర్చోలేకపోయా" అన్నాడు.

గోదారి_గట్టు
మీ చిన్నాన్న మాట ముందు మా తాత ఓడిపోయాడు.

నిలదీస్తా
ఇప్పటికీ కొలుస్తున్నారా?

బోరు_బాధితుడు
ఆ ఊళ్లో లేదు. ప్రాజెక్టు అయిపోయాక రెండేళ్లు కొలిచారు. మీటరు చెడిపోయింది, బాగు చేయించేవాడు లేడు. గోడకి ఎవరో సిమెంటు కంపెనీ ప్రకటన వేశారు.

చింతచిగురు
సగం ఇంజినీర్ గారూ, బ్యాచిలర్స్‌ని ఖాళీ చేయించే ముందు మీ సంప్ కొలిచారా? ఎంతమంది ఉంటారు? నీళ్లు ఎప్పుడు వదులుతారు?

సగం_ఇంజినీర్
20 ఫ్లాట్లు, 75 మంది దాకా. కొలవడం ఏమీ లేదు. నీళ్లు తక్కువున్నాయని సెక్రటరీ ఉదయం 11 నుంచి సాయంత్రం 5 దాకా కట్టేస్తాడు, రాత్రి 10 తర్వాత కూడా.

లెక్కల_మాస్టారు
మనిషికి రోజుకి 135 లీటర్లన్నది పట్టణాలకి వేసే లెక్క. 75 మందికి పదివేల పైచిలుకు. ట్యాంకరు 5,000 అయితే రెండు చాలాలి. మీకు మూడు. ఆ ఐదువేల లీటర్లు ఎటు పోతున్నాయి?

మెడికల్_ఏజెన్సీ
నేను చెప్పనా? కట్టేస్తారని తెలిస్తే మా ఇంట్లో ఏం చేస్తామో చెప్తా. రెండు బకెట్లు, ఒక డ్రమ్ము, అన్ని గిన్నెలూ నింపుతాం. సాయంత్రం నీళ్లు రాగానే "ఉదయంవి, పాచి నీళ్లు" అని పారబోసి మళ్లీ నింపుతాం. ఆక్సీమీటర్లతో నేను చేసింది ఇదే. దొరకదేమో అని ఎక్కువ పట్టుకోవడం.

సగం_ఇంజినీర్
...మా ఇంట్లో కూడా అదే జరుగుతుంది. ఇప్పుడే వంటింట్లోకి వెళ్లి చూసొచ్చా. ఎనిమిది గిన్నెలు.

ఊరికే_చదువుతా
బ్యాచిలర్స్ ఇంట్లో ఎనిమిది గిన్నెలుండవు.

లెక్కల_మాస్టారు
గీయండి మరి. ట్యాంకులో నీళ్లు తక్కువ, అందుకని కోత. కోత వల్ల భయం, భయం వల్ల నిల్వ, నిల్వ చేసింది పారబోత, పారబోతకి నీళ్లు ఇంకా తక్కువ. సెక్రటరీ గారు సర్దే లూపు అనుకుని నడుపుతున్నది ఎగదోసే లూపు కావచ్చు. కావచ్చు అనే అంటున్నా. కొలవకుండా నమ్మకండి, నన్ను కూడా. వరి లెక్కలో ఎలాగూ ఒకసారి తప్పు చేశా.

సగం_ఇంజినీర్
(మూడు వారాల తర్వాత) మళ్లీ నేనే. సెక్రటరీని ఒప్పించడానికే వారం పట్టింది. ముందు వాచ్‌మన్‌తో కలిసి సంప్‌లో కర్ర దింపి గంటగంటకీ గుర్తులు పెట్టా. సాయంత్రం 5 నుంచి 6 మధ్య ఒక్క గంటలో రోజు మొత్తం వాడకంలో మూడో వంతు పోతోంది. తర్వాత పది రోజులు కోత ఎత్తేసి, రోజూ సంప్ మట్టం, ట్యాంకర్ల లెక్క లిఫ్టు పక్కన బోర్డు మీద రాశాం.

మొదటి మూడు రోజులు వాడకం పెరిగింది, నాలుగు ట్యాంకర్లు. సెక్రటరీ నన్ను నమిలేశాడు, వాట్సాప్ గ్రూపులో నా మీద మీమ్ కూడా వేశారు. ఎవరూ నమ్మలేదు, రెండ్రోజుల్లో మళ్లీ కట్టేస్తారని ఇంకా ఎక్కువ పట్టుకున్నారు. ఐదో రోజు నుంచి దిగింది. ఇప్పుడు రోజుకి రెండు, రోజు మార్చి రోజు మూడోది. ఆ మూడోది ఎందుకో ఇంకా తెలీలేదు. అర్ధరాత్రి రెండింటికి కూడా మట్టం కొంచెం దిగుతోంది.

బోరు_బాధితుడు
అది బ్యాచిలర్సే.

సగం_ఇంజినీర్
వాళ్లు వేసవి సెలవులకి ఊళ్లకి వెళ్లి పది రోజులైంది. పైన ట్యాంకు బాల్‌కాక్ చూడాలి, ప్లంబరు ఆదివారం వస్తానన్నాడు.

నిలదీస్తా
ఏ ఆదివారమో అడిగారా?